మన ఓటు, వాళ్ల బడి

బోస్టన్ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడిన తెలుగు అన్నలకు, అక్కలకు, వదినలకు, తమ్ముళ్లకు,

2016 నవంబరు 8న మా ఊరి మిడిల్ స్కూల్ జిమ్‌లో ఓటు వేశాను. పౌరసత్వం వచ్చాక అధ్యక్ష ఎన్నికల్లో అదే నా మొదటి ఓటు. పండక్కి వెళ్లినట్టు పట్టుచీర కట్టుకుని వెళ్లాను. పేర్లున్నచోట గడులు నింపి కాగితం తిప్పితే వెనక ప్రశ్నలున్నాయి. రెండోది చార్టర్ బడుల గురించి. రాష్ట్రంలో ఏటా 12 దాకా కొత్తవి తెరవడానికో, ఉన్నవాటిలో సీట్లు పెంచడానికో అనుమతించాలా వద్దా అని. 'వద్దు' అన్న గడి నింపేశాను. ప్రభుత్వ బడులను కాపాడుకుందాం అన్న బోర్డు మా వీధి మొదట్లో నెల రోజులుగా కనిపిస్తోంది. మా పిల్లల టీచర్ల మీద నాకు గౌరవం. అంతకు మించి ఆలోచించలేదు. అప్పటికి నేను ఒక్క చార్టర్ బడి గడప కూడా తొక్కలేదు.

ఆ రోజు మసాచుసెట్స్‌లో నూటికి 62 మంది వద్దన్నారు. ఆ ఓటు వేసి తప్పు చేశానని ఇవాళ నమ్ముతున్నాను. ఎందుకో మీతో చెప్పుకుందామని ఈ ఉత్తరం. గవర్నరుకు రాయొచ్చు, శాసనసభ్యులకూ రాయొచ్చు. కానీ ఆ రోజు నిర్ణయం వాళ్ల చేతుల్లో లేదు, మన చేతుల్లో ఉంది. యాక్టన్, వెస్ట్‌ఫర్డ్, ష్రూస్‌బరీ, లెక్సింగ్టన్, హాప్‌కింటన్, బర్లింగ్టన్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కుని, తులసికోట పెట్టుకుని, ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్న మన చేతుల్లో.

మనం ఈ ఊళ్లు ఎందుకు ఎంచుకున్నామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంటి కప్పు పాతదైనా, వంటగది ఇరుకైనా, ఆఫీసుకు గంటన్నర ప్రయాణమైనా సర్దుకున్నాం. రాజీపడనిది ఒక్కటే, బడి రేటింగు. అప్పు చేసి మనం కొన్నది ఆ బడిని. ఇల్లు దాంతోపాటు వచ్చింది. మన పిల్లలకు మంచి బడి ఎంచుకునే హక్కు బ్యాంకు ఇచ్చిన అప్పు ద్వారా మనకు దక్కింది. అప్పు పుట్టనివాళ్లకు ఆ హక్కు చార్టర్ బడి సీట్ల కోసం తీసే లాటరీ ద్వారా దక్కుతుంది. ఆ లాటరీలో సీట్లు పెంచాలా అని అడిగితే నేను వద్దన్నాను. ఇందులో నా పిల్లలకు పోయేది గానీ వచ్చేది గానీ ఏమీ లేదు. చార్టర్ సీట్లకు చట్టం పెట్టిన పరిమితి అప్పట్లో నిజంగా అడ్డుపడింది బోస్టన్ లాంటి నగరాల్లోనే, మన ఊళ్లలో కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చార్టర్ బడి ప్రైవేటు బడి కాదు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు. నడిచేది ప్రభుత్వ డబ్బుతోనే, కానీ జిల్లా అజమాయిషీ ఉండదు. ఈ రాష్ట్రంలో విద్యా బోర్డు ఐదేళ్లకు అనుమతి ఇస్తుంది, పనితీరు చూసి పొడిగిస్తుంది, బాగోకపోతే మూసేస్తుంది. దేశంలో మొదటి చట్టం 1991లో మిన్నెసోటా చేసింది, మనది 1993 నాటి విద్యా సంస్కరణ చట్టంతో వచ్చింది. ఇక్కడ మొదటి బడులు 1995లో తెరుచుకున్నాయి. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలని చట్టం. బోస్టన్‌లో ఈ బడులకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది డార్చెస్టర్, రాక్స్‌బరీ, మాటపాన్ లాంటి పేటల నల్లజాతి, లాటినో పిల్లలు.

ఆ లాటరీ వల్ల పరిశోధకులకు ఒక అరుదైన అవకాశం దొరికింది. చార్టర్ బడిలో చేరినవాళ్లకు మార్కులు బాగా వచ్చాయంటే, పట్టుదలగల తల్లిదండ్రులే దరఖాస్తు చేశారు కాబట్టి వచ్చాయి అనొచ్చు. నేనూ అదే అనేదాన్ని. కానీ దరఖాస్తు చేసినవాళ్లలోనే చీటీ తగిలినవాళ్లను, తగలనివాళ్లను పోల్చితే? ఇద్దరి ఇళ్లూ ఒకటే, ఇద్దరి తల్లుల తపనా ఒకటే, తేడా అల్లా ఆ చీటీ. ఎంఐటీలో జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్, వాళ్ల సహచరులు చేసింది ఇదే. ఆంగ్రిస్ట్‌కు తర్వాత 2021లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్లూ హార్వర్డ్ పరిశోధకులూ కలిసి చేసిన మొదటి నివేదికను 2009లో బోస్టన్ ఫౌండేషన్ ప్రచురించింది. మిడిల్ స్కూల్లో ఒక్క ఏడాది చార్టర్ బడిలో చదివితే లెక్కల్లో కలిగే మెరుగుదల, నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ మధ్య ఉన్న తేడాలో దాదాపు సగమని అది తేల్చింది. ఒక్క ఏడాదికి! ఈ సంగతి నేను ఓటేయడానికి ఏడేళ్ల ముందే అచ్చయి ఉంది. నేను చదవలేదు.

అయితే చార్టర్ అన్న పేరులో మహిమేమీ లేదు. ఇదే బృందం తర్వాత రాష్ట్రమంతా చూసింది. నగరాల్లోని చార్టర్ బడులు పిల్లల్ని పైకి లాగితే, నగరాల బయటివి ఏమీ ఒరగబెట్టలేదు. కొన్నిచోట్ల మార్కులు తగ్గాయి కూడా. మన ఆంధ్రలోనూ ఇలాంటి పాఠం ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో లాటరీ తీసి పేద పిల్లలను ప్రైవేటు బడులకు పంపి చూశారు. నాలుగేళ్ల తర్వాత ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లెక్క తీస్తే తెలుగులో గానీ లెక్కల్లో గానీ సర్కారు బడి పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు. బోర్డు మార్చినంత మాత్రాన బడి మారదు. కాబట్టి అడగాల్సింది ఆ నాలుగు గోడల మధ్య ఏం జరుగుతోందని.

నేను చూసింది చెబుతాను. మా పెద్దవాడు కాలేజీకి వెళ్లాక శనివారాలు ఇల్లు బోసిపోయింది. ఆఫీసులో ఒకావిడ డార్చెస్టర్‌లోని ఒక చార్టర్ బడిలో లెక్కలు చెప్పడానికి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. మొదటి రోజు ఏడో తరగతి అమ్మాయి ఒకతెను నా ముందు కూర్చోబెట్టారు. రెండు భిన్నాలు ఇచ్చి కలపమన్నాను. పైవి పైవి కలిపింది, కిందివి కిందివి కలిపింది. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఏడో తరగతికి వచ్చేదాకా ఈ తప్పును ఎవరూ పక్కన కూర్చుని దిద్దలేదు. ఆ పిల్ల ఆ ఏడాదే ఆ బడిలో చేరింది. మా చిన్నప్పుడు పలక మీద మా నాన్న జామకాయ కోసి చూపించి చెప్పినట్టు, కాగితం మడిచి చూపించాను. సగం, పావు, అరపావు. మూడో శనివారానికి ఆ అమ్మాయి నన్ను ఆపి, 'ఉండండి, నేను చెబుతాను' అని కాగితం లాక్కుంది.

అంతా ఇంత మధురంగా ఉండదనుకోండి. కానీ అక్కడి పని పద్ధతి చూసి నేను ఆశ్చర్యపోయాను. టీచరు పాఠం చెబుతుంటే వెనక మరో టీచరు కూర్చుని రాసుకుంటారు. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని ఆ పాఠాన్ని విప్పి చూసుకుంటారు. ప్రతి శుక్రవారం చిన్న పరీక్ష పెడతారు. ఎవరు ఎక్కడ తప్పారో సోమవారానికి టీచరు బల్ల మీద ఉంటుంది. బడి మామూలు వేళకంటే ముందే మొదలై సాయంత్రం ఆలస్యంగా వదులుతుంది. అమ్మానాన్నలకు ఫోను వెళ్లేది పిల్ల అల్లరి చేసినప్పుడే కాదు, బాగా చేసినప్పుడు కూడా.

నేను ఒక బడిలో చూసినదాన్ని ఆర్థికవేత్తలు విల్ డాబీ, రోలండ్ ఫ్రయర్ న్యూయార్క్‌లో 35 చార్టర్ బడుల్లో కొలిచారు. తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు, టీచర్లకు ఏ డిగ్రీలున్నాయి అన్నవాటికీ ఫలితాలకూ పొంతన కుదరలేదు. పొంతన కుదిరినవి ఐదు. టీచర్ల బోధనను తరచుగా చూసి సలహా చెప్పడం, పరీక్షల ఫలితాలను బట్టి బోధన మార్చుకోవడం, చిన్న చిన్న గుంపులకు విడిగా ట్యూషన్, ఎక్కువ బడి సమయం, పిల్లలు చేయగలరన్న గట్టి నమ్మకం. ఇందులో పెద్ద రహస్యం ఏముంది? మనం మన పిల్లలకు ఇంట్లో చేసేదీ, డబ్బు కట్టి బయట చేయించేదీ ఇదే కదా. మన ఊళ్లలో రష్యన్ లెక్కల బడికీ కుమోన్‌కూ వెళ్లని తెలుగు పిల్లలు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోస్టన్‌లో మ్యాచ్ అనే చార్టర్ బడి 2004లో ఈ ట్యూషన్‌ను బడిలోకే తెచ్చింది. కాలేజీ ముగించిన కుర్రాళ్లను ఏడాదికి నియమించుకుని, అదే భవనం పై అంతస్తులో ఉండనిచ్చి, రోజంతా ఒకరిద్దరు పిల్లలకు చొప్పున చెప్పించింది. ఆ పద్ధతి తర్వాత చికాగో సర్కారు హైస్కూళ్లకు వెళ్లింది, అక్కడా లెక్కల్లో మంచి ఫలితాలు వచ్చాయి.

నల్లజాతివాళ్ల గురించి మనవాళ్లలో ఒక మాట తరచుగా వింటుంటాను. దాన్ని ఇక్కడ రాయడానికి బాధగా ఉంది, కానీ రాయకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. 'మనం రెండు సూట్‌కేసులతో వచ్చి పైకి రాలేదా, వాళ్లకేం అడ్డం?' అని. ఆ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అనేటప్పుడు తెలియని సంగతులు చాలా ఉన్నాయి, అంతే. నాకూ అప్పట్లో తెలియవు. కొంచెం ఓపిక పట్టి వినండి.

మనం ఉంటున్నది నల్లజాతి పిల్లల బడి హక్కు కోసం పోరాటం నడిచిన చోటే. 1848లో బోస్టన్‌లో ఐదేళ్ల నల్లజాతి పాప సారా రాబర్ట్స్, తెల్లపిల్లల బడులు ఐదింటిని దాటుకుని తనకు కేటాయించిన బడికి నడవాల్సి వచ్చింది. వాళ్ల నాన్న బెంజమిన్ కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. ఆయన ఊరుకోలేదు, సాటివాళ్లతో కలిసి ఉద్యమం నడిపాడు. 1855లో బడుల్లో జాతి విభజనను నిషేధించిన మొదటి రాష్ట్రం మసాచుసెట్స్ అయింది. చట్టం వచ్చింది గానీ బడులు కలవలేదు. దాదాపు 120 ఏళ్ల తర్వాత, 1974 జూన్ 21న, బోస్టన్ స్కూల్ కమిటీ కావాలనే పిల్లల్ని విడదీసి ఉంచిందని జడ్జి ఆర్థర్ గారిటీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబరు 12న నల్లజాతి పిల్లలు కూర్చున్న బస్సుల మీద సౌత్ బోస్టన్‌లో రాళ్లు పడ్డాయి.

ఆ రెండు తేదీల మధ్య జులై 25న వాషింగ్టన్‌లో మరో తీర్పు వచ్చింది. మనకు సంబంధించింది అదే. డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో చెప్పింది: నగరంలో జరిగిన అన్యాయాన్ని సరిచేయడానికి శివారు ఊళ్లను బలవంతంగా కలపడానికి వీల్లేదు. అంటే ఊరి పొలిమేర గోడ అయింది. మనం అప్పు చేసి వచ్చి చేరింది ఆ గోడకు ఇవతలి పక్కకు. గోడ మనం కట్టలేదు. కానీ దాని నీడన మన ఇంటి విలువ ఏటా పెరుగుతోంది. అవతల ఏముందో కూడా చెబుతాను. 2015లో బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ప్రచురించిన అధ్యయనంలో ఈ ప్రాంతపు తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ నికర ఆస్తి 2,47,500 డాలర్లు. తరతరాలుగా అమెరికాలోనే ఉన్న నల్లజాతి కుటుంబాలది 8 డాలర్లు. అచ్చుతప్పు కాదు, ఎనిమిది. ఇల్లు కొనడానికి అప్పివ్వని పేటల్లో తాతలు బతికితే మనవలకు మిగిలేది అంతే.

మనం ఈ దేశానికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే చట్టం చేసిన కాంగ్రెసే, రెండు నెలల తేడాతో, పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలు తీసేసి మనకు తలుపు తెరిచింది. దెబ్బలు తిన్నది వాళ్లు, దారి దొరికింది మనకూ. పైగా ఆ దారిన వచ్చినవాళ్లం ఏరికోరి వడపోసినవాళ్లం. ఇంజనీరింగ్ చదివి, వీసా సంపాదించగలిగినవాళ్లం. మన ఊళ్లోనే ఉండిపోయిన మన చిన్ననాటి స్నేహితులందరినీ కలిపి సగటు తీస్తే మన కథ ఇలా ఉండదు. మన పిల్లల మార్కులను చూపించి మరో జాతి పిల్లల్ని తూచడం న్యాయం కాదు.

విద్యావేత్త గ్లోరియా ల్యాడ్సన్-బిల్లింగ్స్ 2006లో, దీన్ని మార్కుల అంతరం అనడం మానేసి చదువు బాకీ అనాలన్నారు. నాకు ఆ మాట బాగా పట్టింది. అంతరం అంటే వెనకబడినవాడు పరుగెత్తాలి. బాకీ అంటే ఎగ్గొట్టినవాడు కట్టాలి.

ఇక, చార్టర్ బడులంటే మీలో చాలామందికి ఉన్న అభ్యంతరాలు. కొన్ని నిజమైనవి. వాటిని దాటేసి వెళ్లను.

మొదట డబ్బు. 2016లో బోస్టన్ నగరమూ వద్దనే ఓటేసింది. ఈ విషయం మరిచిపోయి నేను వాళ్ల తరఫున మాట్లాడకూడదు. నల్లజాతి పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కూడా ఆ అక్టోబరులోనే కొత్త చార్టర్లు ఆపమంది. వాళ్ల భయానికి కారణం ఉంది. ఒక పిల్ల చార్టర్‌కు మారితే ఆ పిల్ల తాలూకు డబ్బు జిల్లా నుంచి వెళ్లిపోతుంది. కానీ ఇరవైమందిలో ఇద్దరు వెళ్లిపోయినా తరగతికి టీచరు కావాలి, బస్సు తిరగాలి, చలికాలం బాయిలరు మండాలి. ఆ లోటు కొన్నాళ్లు రాష్ట్రం పూడుస్తుందని చట్టంలో రాసుకుని, ఏళ్ల తరబడి పూర్తిగా ఇవ్వలేదు. 2019 నాటి విద్యార్థి అవకాశాల చట్టంలో దాన్ని సరిదిద్దుతామని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టించుకోవాలి. చార్టర్లకు మద్దతిచ్చేవాళ్లే ఇందుకు ముందుగా గొంతెత్తాలని నా అభిప్రాయం. 2016 బ్యాలెట్‌లోని ఆ రెండో ప్రశ్నకు మద్దతుగా కోటిన్నర డాలర్లకు పైగా కుమ్మరించిన న్యూయార్క్ సంస్థ ఒకటి దాతల పేర్లు దాచింది. 2017లో రాష్ట్ర అధికారులు దానితో 4 లక్షల 26 వేల డాలర్లు కట్టించి, నాలుగేళ్లపాటు ఈ రాష్ట్ర ఎన్నికల జోలికి రావద్దన్నారు. బడి అడిగిన తల్లులకు వాళ్లు చేసిన ద్రోహం అది. ఆ తల్లుల కోరిక మీద కూడా అనుమానపు నీడ పడేట్టు చేశారు.

రెండోది క్రమశిక్షణ. ఇది నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. నేను ఇంటర్ చదివింది విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున ఐదింటికి గంట, రాత్రి పదకొండు దాకా చదువు, ర్యాంకును బట్టి సెక్షను, తప్పు చేస్తే అందరి ముందూ నిలబెట్టడం. చార్టర్ బడి వరండాలో పిల్లలు గీత మీద మాట్లాడకుండా నడుస్తుంటే మొదటి రోజు నాకు కడుపులో తిప్పింది. బోస్టన్‌లో పేరున్న రాక్స్‌బరీ ప్రెప్ 2012–13లో తన పిల్లల్లో సగానికి పైగా మందిని ఎప్పుడో ఒకప్పుడు సస్పెండు చేసి ఇంటికి పంపింది. తర్వాత తగ్గించుకుంది. 2017లో మాల్డెన్‌లోని మిస్టిక్ వ్యాలీ చార్టర్ బడి కవల ఆడపిల్లలిద్దరిని, అదనపు కురులు కలిపి అల్లుకున్న జడల కోసం శిక్షించింది. జడల కోసం! నేను చదువుకున్న హైస్కూల్లో రెండు జడలు వేసి రిబ్బను కట్టకపోతే గుమ్మంలో ఆపేవారు. ఇక్కడ జడలు వేసుకుంటే ఆపారు. నల్లజాతి తల్లులు గంటల తరబడి కూర్చుని అల్లిన జడ అది. అప్పటి అటార్నీ జనరల్ మారా హీలీ ఆ నిబంధన చట్టవిరుద్ధమన్నారు. 2022లో జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని రాష్ట్రమే చట్టం చేసింది.

ఈ కఠినత్వం అవసరమా అని చార్టర్లలోనే మథనం జరిగింది. దేశంలో అతి పెద్ద చార్టర్ సంస్థ కిప్, కష్టపడి పని చెయ్యి, మంచిగా ఉండు అన్న అర్థం వచ్చే తన పాత నినాదాన్ని 2020లో వదిలేసింది. చికాగోలో నోబుల్ సంస్థ తన పాత క్రమశిక్షణ పద్ధతికి క్షమాపణ చెప్పింది. నా ఉద్దేశంలో అవసరం లేదు. డాబీ, ఫ్రయర్‌ల జాబితాలోని ఆ ఐదింటిలో మౌనంగా నడిపించడం లేదు, జడ కొలవడం లేదు. నేను వెళ్లే బడి కూడా ఇప్పుడు చాలా మారింది. మధ్యాహ్నం భోజనాల గదిలో గోల మన పెళ్లి పందిరిలో ఉన్నట్టే ఉంటుంది.

మూడోది, ఏరుకుంటారన్న అనుమానం. కష్టమైన పిల్లల్ని మెల్లగా సాగనంపుతారని. న్యూయార్క్‌లో ఒక సక్సెస్ అకాడమీ బడి ప్రిన్సిపాలు, వెళ్లిపోవాల్సిన పిల్లల జాబితా తయారుచేసిన సంగతి 2015లో పత్రికలకెక్కింది. అలాంటివి ఎక్కడ జరిగినా అనుమతి రద్దు చేయడానికి వెనకాడకూడదు. కానీ బోస్టన్ ఫలితాలకు అదే కారణం కాదనడానికి ఆధారముంది. లాటరీ లెక్కల్లో చీటీ తగిలి చేరి మధ్యలో మానేసినవాళ్లనూ తగిలినవాళ్ల కిందే లెక్కిస్తారు. ఆర్థికవేత్త ఎలిజబెత్ సెట్రెన్ ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లల్ని విడిగా చూసింది. వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా లాభపడ్డారు. 2011లో సౌత్ బోస్టన్‌లోని గావిన్ మిడిల్ స్కూల్‌ను చార్టర్ పద్ధతిలో నడిచే యూపీ అకాడమీగా మార్చినప్పుడు అప్పటికే అక్కడున్న పిల్లలకు దరఖాస్తు లేకుండానే చోటు దొరికింది. ఎవరినీ ఏరలేదు. వాళ్ల మార్కులూ పెరిగాయి. 2010లో అంతరం తగ్గించే చట్టం వచ్చి బోస్టన్‌లో చార్టర్ సీట్లు దాదాపు రెట్టింపయ్యాక కొత్త బడులు పాతవాటికి తీసిపోలేదు. పెంచితే పలచబడిపోతాయని నేను 2016లో విన్న మాటకు జవాబు అది.

మార్కులు సరే, బతుకు? ఈ ప్రశ్న మనకు బాగా అర్థమవుతుంది, ర్యాంకు వచ్చినవాళ్లందరూ ఏమయ్యారో చూసినవాళ్లం కదా. బోస్టన్ చార్టర్ హైస్కూళ్ల పిల్లలు ఎస్‌ఏటీలో ఎక్కువ తెచ్చుకున్నారు. రెండేళ్ల కాలేజీలకు బదులు నాలుగేళ్ల కాలేజీలకు వెళ్లినవాళ్లు పెరిగారు. హైస్కూలు నాలుగేళ్లలో ముగించలేక ఐదో ఏడు తీసుకున్నవాళ్లూ పెరిగారు. కిప్ 2011లో తన మొదటి బ్యాచ్‌ల లెక్క తనే బయటపెట్టింది. ఎనిమిదో తరగతి ముగించినవాళ్లలో పదేళ్ల తర్వాత నాలుగేళ్ల డిగ్రీ చేతికొచ్చినవాళ్లు నూటికి 33. పేద కుటుంబాల పిల్లల్లో దేశమంతా చూస్తే నూటికి పదిమంది లోపో, కాస్త అటూ ఇటూ. తాము పెట్టుకున్న గురికి మాత్రం ఆ 33 చాలా దూరమని వాళ్లే ఒప్పుకున్నారు. పిల్లలు కాలేజీలో చేరాక కూడా వాళ్లను వెన్నంటి ఉన్నారు. 2023లో మేథమేటికా సంస్థ లాటరీ పద్ధతిలో చూస్తే, మిడిల్ స్కూలూ హైస్కూలూ రెండూ కిప్‌లో చదివినవాళ్లలో డిగ్రీ ముగించేవాళ్లు నూటికి 19 మంది ఎక్కువ. దేశవ్యాప్తంగా డిగ్రీల్లో ఉన్న జాతి తేడాను దాదాపు చెరిపేసేంత.

ఇవన్నీ రాశాక కూడా, అన్ని బడులూ చార్టర్లు కావాలని నేను అడగడం లేదు. హ్యూస్టన్‌లో 2010 నుంచి ఆ ఐదు పద్ధతులనే 20 మామూలు సర్కారు బడుల్లో పెట్టి చూశారు. లెక్కల్లో పిల్లలు చకచకా ముందుకొచ్చారు. కాబట్టి బోస్టన్ జిల్లా బడుల్లోనూ ఆ ట్యూషన్, ఆ అదనపు గంటలు ఉండాలి, దానికి రాష్ట్రం డబ్బివ్వాలి. ఈలోగా ఒక తల్లి ఈ ఏడాదే ఆరో తరగతికి వచ్చిన తన బిడ్డ కోసం లాటరీలో పేరు రాయిస్తే, ఆమెకు అడ్డుగా మన చెయ్యి ఉండకూడదు. అలాంటి ప్రశ్న మళ్లీ ఎప్పుడు బ్యాలెట్ మీదకు వచ్చినా, నేనైతే మునుపటిలా పది సెకన్లలో తేల్చను.

ఇంకో పని బ్యాలెట్ కోసం కాచుకోనక్కర్లేదు. 1966 నుంచి మెట్కో అనే కార్యక్రమం నడుస్తోంది. బోస్టన్ పిల్లలు, ఎక్కువగా నల్లజాతి, లాటినో పిల్లలు, తెల్లవారకముందే బస్సెక్కి లెక్సింగ్టన్, న్యూటన్, వెల్స్‌లీ లాంటి శివారు బడులకు వచ్చి చదువుకుంటారు. కోర్టు దాటనివ్వని గోడలో అదొక చిన్న కిటికీ. మొత్తం మూడు వేల మందికి అటూ ఇటూగా. ఆ పిల్లల మార్కులూ కాలేజీ చేరికలూ పెరిగాయని సెట్రెనే మరో అధ్యయనంలో చూపించింది. వాళ్లు రావడం వల్ల బ్రూక్‌లైన్‌లో మిగతా పిల్లల చదువు దెబ్బతినలేదని ఆంగ్రిస్ట్, కెవిన్ లాంగ్ 2004లోనే రాశారు. మెట్కో ఉన్న ఊళ్లలో ఉంటున్న మీరు స్కూల్ కమిటీ సమావేశానికి వెళ్లి ఇంకో పది సీట్లు తెరవమని అడగండి. మన ఆడవాళ్లు ఆ సమావేశాలకు వెళ్లడం తక్కువ. వెళ్లినా అడిగేది అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు గురించే. ఈసారి అడగండి అక్కా, ఒక్కరు లేస్తే నలుగురు లేస్తారు. మా ఊరికి ఆ బస్సు రాదు. ఎందుకు రాదని మా కమిటీకి ఉత్తరం రాశాను, రెండుసార్లు.

ఆదివారం తెలుగు బడిలో మనం అంతమందిమి అక్షరాలు దిద్దిస్తాం. రిటైరైన బ్యాంకు మేనేజర్లు, ఇంజనీర్లు, లెక్కల మాస్టార్లు మన మధ్య ఎంతమందో ఉన్నారు. చిన్నప్పుడు ఎక్కాలు తలకిందులుగా అప్పజెప్పినవాళ్లు. డార్చెస్టర్‌లో ఆ బడికి లెక్కలు చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే. నేర్పడానికి అమెరికన్ యాస అక్కర్లేదు. నా యాసకు ఆ పిల్లలు మొదట నవ్వారు, రెండో వారానికి అలవాటుపడ్డారు. భిన్నాలు నేర్చుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. బీజగణితంలో నాకు అడ్డం తగులుతోంది, ఒకసారి నా తప్పు కూడా పట్టింది.

శనివారం పొద్దున ఏడున్నరకు నేను ఇంట్లోంచి బయల్దేరతాను. దారిలో మీ ఊళ్ల మీదుగా తిప్పుకుని వెళ్లడం నాకు కష్టం కాదు. కారులో నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు,
2016లో 'వద్దు' అన్న మీ సోదరి